బాత్రూం సీలింగ్ లోపల అమర్చిన లైటుకు బల్బు మార్చడం ఎలా?

బాత్రూం సీలింగ్‌లోకి దిగి ఉన్న లైటు పోతే చాలామంది దాని జోలికి వెళ్లరు. కారణం ఉంది. మామూలు బల్బులా చేత్తో పట్టుకుని తిప్పడానికి అక్కడేమీ కనిపించదు. ఒక గుండ్రటి రింగు, మధ్యలో అద్దం, అంతే. ఏది లాగితే ఊడుతుందో, ఏది లాగితే సీలింగ్ విరుగుతుందో అర్థం కాదు. పైగా అది నీళ్లుండే గది, కరెంటు పని. టెన్షన్ సహజమే.

నిజానికి బల్బు తీసి బల్బు పెట్టడం కొద్ది నిమిషాల పని. కష్టమంతా దానికి ముందూ వెనకా ఉంది. ముందేమో మీ లైటు ఏ రకమో తేల్చుకోవాలి. తర్వాతేమో, తీసిన మూతను ఆవిరి దూరకుండా మళ్లీ బిగించాలి. బాత్రూంలో కొత్త బల్బులు కూడా త్వరగా పోతున్నాయంటే నేను మొదట అనుమానించేది బల్బును కాదు, అద్దం కింద ఉండే రబ్బరు రింగును. అందుకే ఈ వ్యాసంలో ఆ రింగు గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

పోయింది బల్బేనా?

నిచ్చెన ఎక్కే ముందు కింద నుంచే కొన్ని విషయాలు చూడండి. అదే స్విచ్చు మీద నాలుగు లైట్లుంటే, ఒక్కటే పోయిందా, నాలుగూ పోయాయా? ఒక్కటే అయితే బల్బు గానీ దాని హోల్డర్ గానీ పోయి ఉంటుంది. నాలుగూ ఒకేసారి ఆరిపోయాయంటే నాలుగు బల్బులూ కలిసి మాడిపోయే అవకాశం చాలా తక్కువ. అప్పుడు ఎం.సి.బి. (బోర్డులో కరెంటును ఆపే మీట) పడిపోయిందేమో, స్విచ్చు పాడైందేమో, లైట్లన్నిటికీ కలిపి ఒకే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అది పోయిందేమో చూడాలి.

ఆ తర్వాత లైటు చుట్టూ ఉన్న సీలింగ్‌ను గమనించండి. పసుపు రంగు మరక, ఉబ్బిన పెయింటు, అద్దం లోపల నిలిచిన నీటి బొట్లు కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. పై అంతస్తు పైపు నుంచో, పైకప్పు నుంచో నీరు దిగుతోందని అర్థం. ఆ స్విచ్చు మళ్లీ వేయకండి. ముందు లీకు ఆగాలి, తర్వాత ఎలక్ట్రీషియన్ చూడాలి. బల్బు సంగతి ఆ తర్వాతే.

లైటు రకం తేల్చుకోవడం

కింద నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. లోపల మాత్రం తేడా చాలా ఉంటుంది. పాత బల్బు బయటికి వస్తే దాని మీదే అన్నీ రాసి ఉంటాయి కానీ, ముందే ఒక అంచనా ఉంటే చెయ్యి తడబడదు.

ఎక్కువగా కనిపించేది జీయూ 10 రకం. సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న స్పాట్ బల్బు ఇది. వెనక రెండు పొట్టి పిన్నులు, వాటి చివర బొడిపెలు ఉంటాయి. రెండు పిన్నుల మధ్య దూరం 10 మిల్లీమీటర్లు. ఇది నేరుగా ఇంటి కరెంటు మీద నడుస్తుంది. నొక్కి తిప్పితేనే ఊడుతుంది.

దాదాపు అదే సైజులో ఎమ్మార్ 16 అనే మరో రకం ఉంది. ముందు నుంచి చూస్తే రెంటికీ తేడా తెలియదు. వెనక మాత్రం బొడిపెలు లేని సన్నని పిన్నులుంటాయి, మధ్య దూరం 5.3 మిల్లీమీటర్లు. ఇది సాధారణంగా 12 వోల్టుల బల్బు. సీలింగ్ పైన ఒక ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుని ఇంటి కరెంటును 12 వోల్టులకు తగ్గించి పంపుతుంది. దీన్ని తిప్పకూడదు, నిటారుగా కిందికి లాగాలి.

మూడోది మర బల్బు. లైటు వెడల్పుగా, పుట్టగొడుగు ఆకారంలో ముందుకు విచ్చుకున్న బల్బుతో ఉంటే వెనక చుట్టలు చుట్టలుగా మర ఉంటుంది. మామూలు బల్బు లాగే ఎడమ వైపుకి తిప్పితే వస్తుంది.

నాలుగో రకంలో అసలు బల్బే ఉండదు. పల్చటి గుండ్రటి లేదా చదరపు పలక, మొత్తం ఒకే తెల్లటి కాంతి. ఎల్ఈడీలు పలకలోనే అతికి ఉంటాయి, మారిస్తే మొత్తం పలకే మార్చాలి. ఈ మధ్య కట్టిన ఇళ్లలో ఇవి బాగా కనిపిస్తున్నాయి. దీని పద్ధతి వేరు కాబట్టి చివర్లో విడిగా చెబుతాను.

కరెంటు ఆపడం

స్విచ్చు ఆపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. స్విచ్చు ఫేజ్ వైరు (కరెంటు తెచ్చే వైరు) మీద ఉండాలి, కానీ కొన్ని ఇళ్లలో వైరింగ్ చేసేటప్పుడు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద పెట్టేసి ఉంటారు. అప్పుడు స్విచ్చు ఆపితే లైటు ఆరిపోతుంది, హోల్డర్‌లో మాత్రం కరెంటు అలాగే ఉంటుంది. లైటు ఆరింది కదా అని వేలు పెడితే షాక్ కొడుతుంది. అందుకే బోర్డు దగ్గరికి వెళ్లి ఆ లైట్లకు సంబంధించిన ఎం.సి.బి. దించండి. ఏది దేనిదో రాసి లేకపోతే మెయిన్ స్విచ్చే ఆపేయండి. ఫ్రిజ్ పావుగంట ఆగితే నష్టం లేదు. ఇంట్లో వాళ్లకు చెప్పండి, ఎవరూ మధ్యలో ఆన్ చేయకుండా బోర్డు మీద ఒక కాగితం అతికించండి.

ఆపాక టెస్టర్‌తో పరీక్షించాలి. దీనికి ఒక వరస ఉంది, దాన్ని తప్పవద్దు. మొదట కరెంటు ఉన్న వేరే సాకెట్‌లో టెస్టర్ పెట్టి అది పని చేస్తోందని చూసుకోండి. తర్వాత, మూత, బల్బు తీశాక, లైటు హోల్డర్ దగ్గర పెట్టి చూడండి. మళ్లీ వెళ్లి మొదటి సాకెట్‌లో ఇంకోసారి చూడండి. మధ్యలో టెస్టరే పాడైతే 'కరెంటు లేదు' అనే భ్రమ కలుగుతుంది, ఆ భ్రమ ప్రాణం మీదికి తెస్తుంది. మెయిన్ ఆపేసి ఇంట్లో ఎక్కడా కరెంటు లేకపోతే, ఆపే ముందు టెస్టర్ వెలిగిన ఒక సాకెట్‌ను గుర్తు పెట్టుకుని, ఆపాక అక్కడా టెస్టర్ ఆరిందో లేదో చూడండి.

12 వోల్టుల లైట్ల విషయంలో ఇంకో జాగ్రత్త. నియాన్ టెస్టర్ (లోపల చిన్న దీపం ఉండే మామూలు టెస్టర్) 12 వోల్టులకు వెలగదు. అంటే అది వెలగలేదని కరెంటు ఆగిందనుకోకూడదు. పైన ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వచ్చే వైపు ఇంటి కరెంటు పూర్తిగా ఉంటుంది. ఇక్కడ ఎం.సి.బి. దించడమే మీకు రక్ష.

నిలబడే చోటు

బాత్రూంలో బల్బు మార్చేటప్పుడు షాక్ కంటే జారిపడే భయమే నాకు ఎక్కువ. నేల పూర్తిగా ఆరాలి. ఎవరైనా అప్పుడే స్నానం చేసి ఉంటే ఆవిరి పోయేదాకా ఆగండి. నాలుగు కాళ్లూ నేల మీద సమంగా ఆనే నిచ్చెన వాడండి. టబ్బు అంచు, కమోడ్ మూత, బోర్లించిన బకెట్ మీద నిలబడవద్దు. కింద ఒకరుంటే మంచిది: నిచ్చెన పట్టుకోవడానికే కాదు, తీసిన అద్దాన్ని అందుకోవడానికి కూడా.

పగలు చేయండి. కరెంటు ఆపాక బాత్రూంలో చీకటి అవుతుంది కాబట్టి తలకు కట్టుకునే టార్చి ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కళ్లద్దాలు పెట్టుకోండి, పైనుంచి దుమ్ము, తుప్పు రేణువులు కళ్లలో పడతాయి. లైటు అప్పటిదాకా వెలుగుతూ ఉంటే కనీసం పావుగంట చల్లారనివ్వండి. హాలోజెన్ బల్బు (ఎల్ఈడీ కాని పాత రకం స్పాట్ బల్బు) ముట్టుకున్న వెంటనే చర్మం కాలేంత వేడిగా ఉంటుంది.

మూత తీయడం

ఇక్కడే ఎక్కువ మంది ఇబ్బంది పడతారు. బాత్రూం లైట్లకు నీటి చుక్కలు పోకుండా ముందు ఒక అద్దం ఉంటుంది. దాన్ని బిగించే తీరులు ప్రధానంగా మూడు.

మొదటిది తిరిగే రింగు. రింగును రెండు అరచేతులతో సమంగా పట్టుకుని ఎడమ వైపుకి తిప్పండి. కొన్నిటికి పూర్తి మర ఉంటుంది, కొన్ని కొద్దిగా తిప్పగానే గాడి నుంచి వదులుతాయి. లైటు మొత్తం తిరిగిపోతుంటే ఆపండి, లేకపోతే పైన వైర్లు మెలిపడతాయి. ఒక చేత్తో బయటి చట్రాన్ని సీలింగ్‌కు అదిమిపట్టి రెండో చేత్తో లోపలి రింగును తిప్పాలి. పట్టు జారుతుంటే రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. పాత పెయింటు రింగు అంచుకు అతుక్కుపోయి ఉంటే పల్చటి కత్తి మొనతో చుట్టూ ఒక గీత గీయండి, తర్వాత తేలిగ్గా కదులుతుంది.

రెండోది లోపలి తీగ రింగు. అద్దం అంచున పల్చటి స్టీలు తీగ వృత్తంలా ఉండి, రెండు కొసలూ కొద్దిగా వంగి కనిపిస్తే అదే. ఆ రెండు కొసలనూ వేళ్లతో గానీ ముక్కు ప్లయర్‌తో గానీ దగ్గరికి నొక్కితే తీగ గాడిలోంచి బయటికి వస్తుంది. వచ్చే క్షణంలో అద్దం, బల్బు కలిసి కిందికి జారతాయి. రెండో చెయ్యి కింద సిద్ధంగా ఉంచుకోండి.

మూడోది స్ప్రింగుల మీద వేలాడే మూత. అంచు పట్టుకుని సమంగా కిందికి లాగితే కొద్దిగా దిగి ఆగుతుంది. పైన రెండు పక్కలా స్ప్రింగు కాళ్లు కనిపిస్తాయి. వాటిని దగ్గరికి నొక్కి గాళ్లలోంచి తప్పించాలి. ఈ స్ప్రింగులు ఎలుకల బోనులా చటుక్కున మూసుకుంటాయి, వేలు మధ్యలో ఉంటే గట్టిగానే దెబ్బ తగులుతుంది. వదిలేటప్పుడు మెల్లగా వదలండి.

ఏ రకమైనా సరే, తీసేటప్పుడే ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. అద్దం ఏ వైపు కిందికి ఉంది, రబ్బరు రింగు అద్దానికి పైన ఉందా కింద ఉందా అనేది బిగించేటప్పుడు గుర్తుండదు.

బల్బు బయటికి తీయడం

జీయూ 10 అయితే బల్బును కొంచెం పైకి నొక్కి, ఎడమ వైపుకి సుమారు పావు చుట్టు తిప్పి, కిందికి లాగాలి. చాలామంది నొక్కకుండా తిప్పుతారు, అది కదలదు. లైటు ఇరుకుగా ఉండి వేళ్లు పట్టకపోతే వెడల్పాటి టేపును రెండు కొసలు పట్టుకునేలా మధ్యలో బల్బు ముఖానికి అతికించి తిప్పండి. చిన్న సక్షన్ కప్పు అయితే ఇంకా సులువు.

ఎమ్మార్ 16 కొన్ని లైట్లలో వైరుతో సహా కిందికి వస్తుంది. పింగాణీ హోల్డర్‌ను ఒక చేత్తో, బల్బును ఇంకో చేత్తో పట్టుకుని విడదీయండి. వైరు పట్టి లాగవద్దు. హాలోజెన్ వేడికి ఏళ్ల తరబడి మాడిన వైరు పైతొడుగు పెళుసుబారి ఉంటుంది, లాగితే పొడిలా రాలుతుంది.

మర బల్బు గాజు పగిలి మర భాగం హోల్డర్‌లోనే ఉండిపోతే, ఎం.సి.బి. దించి ఉందని మరోసారి చూసుకుని, గ్లవ్స్ వేసుకుని, ముక్కు ప్లయర్ కొసలను లోపల పెట్టి బయటికి విచ్చుతూ ఎడమకు తిప్పండి.

హోల్డర్‌ను ఒకసారి చూడండి

ఈ పని చాలామంది వదిలేస్తారు. టార్చి వేసి హోల్డర్ లోపల చూడండి. శుభ్రంగా తెల్లగా ఉంటే సరే. పిన్నులు దూరే చోట నల్లగా మాడి ఉన్నా, పాత బల్బు పిన్నుల మీద గుంటలు పడ్డట్టు ఉన్నా, అక్కడ పట్టు వదులై నిప్పురవ్వలు వచ్చాయని అర్థం. అందులో కొత్త బల్బు పెడితే అదీ త్వరగానే పోతుంది, వేడి మాత్రం పెరుగుతూ ఉంటుంది. 12 వోల్టుల లైట్లలో ఇది ఇంకా ఎక్కువ. 50 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 4 ఆంపియర్ల పైగా కరెంటు లాగుతుంది కాబట్టి చిన్న వదులు కూడా బాగా వేడెక్కుతుంది. మాడిన హోల్డర్ మార్పించాల్సిందే. ఆకుపచ్చ తుప్పు, తడి కనిపిస్తే ఆవిరి లోపలికి వెళ్తోందన్నమాట. దోషం రబ్బరు రింగులో ఉంది.

కొత్త బల్బు ఎంచుకోవడం

పాత బల్బును చేతిలో పట్టుకునే కొనడానికి వెళ్లండి. పిన్నుల రకం, వోల్టేజీ, పొడవు మూడూ కలవాలి. పొడవు సంగతి ఎవరికీ తట్టదు: కొన్ని ఎల్ఈడీ బల్బులు పాత హాలోజెన్ కంటే పొడవుగా ఉంటాయి, అప్పుడు అద్దం మూసుకోదు.

హాలోజెన్ స్థానంలో ఎల్ఈడీ పెట్టమనే నా సలహా. 50 వాట్ల హాలోజెన్ ఇచ్చే కాంతిని సుమారు 5 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది, వేడి బాగా తక్కువ. కాంతిని వాట్లలో కాకుండా ల్యూమెన్లలో చూడండి, ఒక్కో స్పాట్‌కు 350 నుంచి 400 ల్యూమెన్లు ఉంటే పాత వెలుగే వస్తుంది. రంగు విషయానికొస్తే 2700 కెల్విన్ పసుపుఛాయ వెచ్చని కాంతి, 4000 తటస్థం, 6500 నీలిఛాయ తెలుపు. అద్దం ముందు గడ్డం గీసుకునే చోటికి 4000 బాగుంటుంది. మిగతా లైట్లు ఏ రంగులో ఉన్నాయో అదే తీసుకోండి, ఒకటి తెల్లగా, ఒకటి పసుపుగా ఉంటే గది చూడబుద్ధి కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది: మూసిన లైటులో వాడదగ్గదని ప్యాకెట్ మీద రాసి ఉన్న బల్బే కొనండి. ఎల్ఈడీ వేడి తక్కువే అయినా దాని ఎలక్ట్రానిక్ భాగాలు ఆ కొద్ది వేడినీ తట్టుకోలేవు. అద్దం మూసిన బాత్రూం లైటులో గాలి ఆడదు. మామూలు ఎల్ఈడీ అందులో ఎక్కువ కాలం నిలవదు. డిమ్మర్ (వెలుగును తగ్గించే, పెంచే స్విచ్చు) ఉంటే డిమ్మర్‌తో పనిచేసే బల్బే తీసుకోవాలి.

12 వోల్టుల లైట్లకు ఇంకో చిక్కు. పాత ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్లకు కనీసం ఇన్ని వాట్ల లోడు ఉండాలన్న పరిమితి ఉంటుంది, అది దాని మీదే రాసి ఉంటుంది. 5 వాట్ల ఎల్ఈడీ ఆ పరిమితికి చాలదు. ఫలితంగా లైటు మినుకుమినుకుమంటుంది, లేదా వెలగదు. అప్పుడు బల్బును తిట్టుకోకుండా ట్రాన్స్‌ఫార్మర్ తీయించి దాని స్థానంలో ఎల్ఈడీ డ్రైవర్ (ఎల్ఈడీకి తగిన కరెంటు ఇచ్చే చిన్న పెట్టె) పెట్టించండి.

బిగించడం, రబ్బరు రింగు

బల్బు పెట్టడం తీసిన దానికి సరిగ్గా తలకిందులు: జీయూ 10 నొక్కి కుడికి తిప్పాలి, ఎమ్మార్ 16 రెండు పిన్నులు పూర్తిగా దిగేదాకా నొక్కాలి, మర బల్బును ఆగేదాకా తిప్పి ఆపేయాలి, బలం పెట్టకూడదు. ముందు గాజు లేని హాలోజెన్‌ను చేత్తో ముట్టుకోకుండా శుభ్రమైన గుడ్డతో పట్టుకోండి. చేతి జిడ్డు అంటిన చోట గాజు అధికంగా వేడెక్కి దెబ్బతింటుంది.

అద్దం మూసే ముందు ఒక నిమిషం ఎం.సి.బి. ఎత్తి బల్బు వెలుగుతోందో లేదో చూసుకోవచ్చు. అప్పుడు మీరు నిచ్చెన దిగి ఉండాలి. చూశాక మళ్లీ దించండి.

ఇక రబ్బరు రింగు. బాత్రూం లైట్లకు ఐపీ 44, ఐపీ 65 లాంటి అంకెలుంటాయి. మొదటి అంకె దుమ్ము, ఘన వస్తువుల నుంచి రక్షణ. రెండోది నీటి నుంచి రక్షణ: 4 అంటే ఏ వైపు నుంచి చిందిన నీటినైనా ఆపుతుంది, 5 అంటే పైపుతో కొట్టిన నీటిధారనూ ఆపుతుంది. స్నానాల గదుల వైరింగ్ కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364 లోని 701వ భాగం, టబ్బు లేదా షవర్ పైన నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు వరకూ, దాని చుట్టూ 60 సెంటీమీటర్ల దూరం వరకూ ఉన్న జాగాల్లో కనీసం 4 స్థాయి నీటి రక్షణ అడుగుతుంది. దేశాన్ని బట్టి నిబంధనలు మారుతాయి కానీ, షవర్ మీద ఉన్న లైటుకు ఐపీ 65 ఉంటే మనసు నిమ్మళంగా ఉంటుంది. ఈ అంకె బల్బుది కాదు, లైటు మొత్తానిది. అద్దం, రింగు సరిగ్గా బిగిసినంత కాలమే అది నిజం.

రింగును వేళ్ల మధ్య సాగదీసి చూడండి. మెత్తగా సాగి వెనక్కి వస్తే పర్వాలేదు. గట్టిపడి, పగుళ్లు పట్టి, ఒకవైపు నొక్కుకుపోయి ఉంటే కొత్తది పెట్టండి. బాగున్నదాన్ని తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, గాడిలో చుట్టూ మెలికలు లేకుండా కూర్చోబెట్టండి. ఒక్క చోట మడత పడినా ఆవిరి ఆ సందులోంచే వెళ్తుంది. అద్దాన్నీ కడిగి ఆరబెట్టండి. లోపల తేమ ఉండగా మూస్తే అది బయటికి పోయే దారి ఉండదు. రింగు బదులు చుట్టూ సిలికాన్ పూసేసే వాళ్లున్నారు, అది వద్దు. వచ్చేసారి మూత తీయాలంటే సీలింగ్ ఊడివస్తుంది.

పలక రకం లైటు అయితే

ఎం.సి.బి. దించాక పలక అంచును రెండు వైపులా పట్టి సమంగా కిందికి లాగితే స్ప్రింగులతో సహా దిగుతుంది. పైన ఒక చిన్న పెట్టె వేలాడుతుంది, అదే డ్రైవర్. పలకకూ డ్రైవర్‌కూ మధ్య గుచ్చి తీసే కనెక్టర్ ఉంటుంది, దాన్ని విడదీయవచ్చు.

వెంటనే కొత్త పలక కొనకండి. చాలాసార్లు పోయేది డ్రైవరే. డ్రైవర్ మీద అవుట్‌పుట్ అని 300 మిల్లీ ఆంపియర్లు, 30-42 వోల్టులు లాంటి అంకెలుంటాయి. మిల్లీ ఆంపియర్లు అచ్చంగా అవే ఉన్న, వోల్టుల పరిధి కలిసే డ్రైవర్ తెచ్చి తగిలిస్తే పాత పలకే వెలగవచ్చు. ఎర్ర, నల్ల వైర్లు తారుమారు చేయవద్దు. డ్రైవర్‌కు అవతలి వైపు ఇంటి కరెంటు వైర్లు స్క్రూలతో బిగించి ఉంటాయి; ఆ పని అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌కే వదలండి. పలకే మార్చాల్సి వస్తే సీలింగ్‌లో ఉన్న రంధ్రం వెడల్పు కొలిచి వెళ్లండి, పలక వెడల్పు కాదు. స్ప్రింగులు పైకి లేపి పట్టుకుని రంధ్రంలోకి తోసేటప్పుడు డ్రైవర్‌ను పక్కకు జరపండి, పలక వీపు మీద పెడితే రెండూ వేడెక్కుతాయి.

వెలిగించాక

ఎం.సి.బి. ఎత్తి స్విచ్చు వేయండి. వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే మీట) పడిపోతే లోపల ఎక్కడో తడి గానీ, తొడుగు ఊడిన వైరు గానీ ఉంది. మళ్లీ మళ్లీ ఎత్తి చూడకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. స్విచ్చు ఆపినా ఎల్ఈడీ మసకగా వెలుగుతూ ఉంటే స్విచ్చులో ఉన్న చిన్న ఇండికేటర్ దీపం వల్ల కావచ్చు, లేదా ముందు చెప్పినట్టు స్విచ్చు న్యూట్రల్ మీద ఉండవచ్చు. రెండోదైతే సరిచేయించండి.

ఒక వారం పోయాక, ఎవరైనా వేడినీళ్లతో స్నానం చేసిన వెంటనే అద్దం వంక చూడండి. బయటి వైపు మంచు పట్టడం మామూలే, తుడిస్తే పోతుంది. లోపలి వైపు మసక కనిపిస్తే రింగు ఎక్కడో సరిగ్గా కూర్చోలేదు. కరెంటు ఆపి, మూత విప్పి, ఆరబెట్టి, మళ్లీ బిగించండి.